పద్యంలో మాట్లాడేవారి స్వభావం పట్టుకోవాలంటే

‘వక్త స్వభావం రాయండి’ అనగానే పిల్లలు భావమంతా తిరగరాసి మార్కులు పోగొట్టుకుంటారు. నెల్లూరులో మా ఇంట్లోనూ ఇదే తంతు. పెన్సిల్‌తో సంబోధనకు సున్నా చుట్టించండి, క్రియల కింద గీత గీయించండి, వక్త చూపిస్తున్న వస్తువు పక్కన చుక్క పెట్టించండి. మన తిక్కన ఉద్యోగపర్వంలో ద్రౌపది కృష్ణుణ్ణి ‘అచ్యుత’ అని పిలిచి, దుశ్శాసనుడి వేళ్లకు చిక్కి సగం తెగిపోగా మిగిలిన జుట్టు చూపి, సంధి మాటల వేళ వీటిని తలచుకోవాలంటుంది. ‘కోపం’ అన్న పదమే పద్యంలో లేదు! ఆ పద్యంలో ఏడవదు, బతిమాలదు, గుర్తుచేస్తుంది, అంతే. ఒక గుణం, దానికి సాక్ష్యంగా పద్యంలోని ఒక పదం: రెండు వాక్యాలు చాలు. ఎత్తిపొడుపు పద్యాలకు మాత్రం ఇది పనిచేయదు. అక్కడ పైకి మెచ్చుకోలే కనిపిస్తుంది కాబట్టి ముందువెనుకల పద్యాలు చదవాల్సిందే.