సంఘంలోని స్త్రీలకు బైబిల్ చదవడం నేర్పాలంటే ఎలా మొదలుపెట్టాలి?

ఎన్నో సంఘాల్లో ముందుండి నడిచేది స్త్రీలే. పుస్తకం చూడకుండా పాటలు పాడతారు. ఎవరికి జబ్బు చేసినా ముందు వెళ్లి ప్రార్థన చేసేది వాళ్లే, పిల్లల్ని సండే స్కూలుకు తయారుచేసి పంపేది వాళ్లే. అయినా “బైబిల్ తెరవండి” అనగానే కొందరు తల వంచుకుంటారు. ప్రపంచంలో చదవడం రాని పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆడవాళ్లే కాబట్టి, ఇది ఏ ఒక్క సంఘం సంగతో కాదు. వాళ్లకు నేర్పాలని మీకు మనసుంటే ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగిపోయే ప్రమాదం ఉందో రాస్తున్నాను.

ముందు ఒక మాట. చదవడం రానివాళ్ల విశ్వాసం తక్కువదని పొరపాటున కూడా అనకండి, అనిపించకండి. వినడం వల్లే విశ్వాసం కలుగుతుందని రోమా పత్రిక 10:17 చెబుతోంది. తొలి సంఘాల్లో ఎక్కువమంది పత్రికలను చెవులతో విన్నవాళ్లే. ఈ పత్రిక మీ దగ్గర చదివించాక లవొదికయ సంఘంలో కూడా చదివించండి అని పౌలు కొలొస్సయులకు రాశాడు. చదువు వచ్చిన స్త్రీకి కొత్తగా దక్కేది వేరొకటి. విన్నదాన్ని తానే తెరిచి చూసుకోగలుగుతుంది.

ముందు వాళ్లను అడగండి

క్లాసు ప్రకటించే ముందు ఒక్కొక్కరినీ విడిగా కలవండి. అందరి ముందు “చదవడం రానివాళ్లు చేతులెత్తండి” అంటే ఒక్క చెయ్యీ లేవదు. ఏ వేళ వీలవుతుందో, ఎంతసేపు కూర్చోగలరో, చంటిపిల్లలుంటే ఎవరు చూసుకుంటారో వాళ్లే చెప్పాలి. 18వ శతాబ్దంలో బ్రిటన్‌లోని వేల్స్‌లో గ్రిఫిత్ జోన్స్ అనే పాదిరి ఊరూరా తిరిగే బడులు నడిపాడు. పొలం పనులు తక్కువగా ఉండే చలికాలంలో ఒక ఊళ్లో మూడు నెలలపాటు బడి పెట్టి, తర్వాత ఇంకో ఊరికి వెళ్లేవారు. పగలు వీలుకానివాళ్లకు రాత్రి పూట పాఠాలు. జనం మాట్లాడే వెల్ష్ భాషలోనే, ముఖ్యంగా బైబిల్ చదవడం నేర్పేవారు. ఆయన 1761లో చనిపోయాక ఆ బడులను 1779లో తను కన్నుమూసేదాకా నడిపించింది బ్రిజెట్ బెవన్ అనే స్త్రీ. ఆ బడుల్లో జనం నేర్చుకోవడానికి పెద్ద కారణం, జనానికి కుదిరే వేళకు బడి వాళ్ల దగ్గరికి రావడమేనని నా నమ్మకం.

వారానికి ఒక్కసారి రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే, వారానికి మూడు నాలుగుసార్లు ముప్పావుగంట చొప్పున కూర్చోవడం మేలు. గుంపులో ఆరుగురు, మహా అయితే ఎనిమిదిమంది ఉండాలి. అంతకు మించితే వెనక కూర్చున్నవాళ్లు పెదవులు కదుపుతూ గడిపేస్తారు, మీకు తెలియదు కూడా.

కళ్ల సంగతి మరిచిపోవద్దు. నలభై దాటిన చాలామందికి దగ్గరి అక్షరాలు మసకబారతాయి. “నాకు తలకెక్కదమ్మా” అని మానేసే పెద్దావిడకు నిజంగా కావలసింది కళ్లజోడే కావచ్చు. మొదటి వారమే కంటి పరీక్ష చేయించండి, పెద్ద అక్షరాల బైబిల్ తెప్పించండి, దీపం పుస్తకం మీద పడేలా కూర్చోబెట్టండి.

మొదటి పాఠం వాళ్ల నోట్లోనే ఉంది

అ, ఆ, ఇ, ఈ అంటూ వరసగా మొదలుపెట్టకండి. పెద్దవాళ్లకు అది చిన్నపిల్లల బడిలా ఉంటుంది, పైగా అర్థమున్న మాట ఒకటి చదవడానికే వారాలు పడుతుంది. వాళ్లకు ఎప్పటినుంచో వచ్చిన వచనంతో మొదలుపెట్టండి.

23వ కీర్తన మొదటి వచనం చూడండి: “యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు.” ఇందులో ఒక్క ఒత్తు లేదు, సున్నా కూడా లేదు. ఉన్నవి పదిహేను అక్షరాలు, వాటిలో పదకొండు హల్లులు. క ఒక్కటే కా, కు, క అని మూడు రూపాల్లో కనిపిస్తుంది, కాబట్టి గుణింతం అంటే ఏమిటో ఆ వాక్యమే నేర్పేస్తుంది. పెద్ద కాగితం మీద రాసి, మాట మాటకూ వేలు పెట్టి అందరూ కలిసి చదవండి. తర్వాత ఆ కాగితాన్ని మాటలుగా కత్తిరించండి, మరుసటి రోజు అక్షరాలుగా.

ఇక ఆ గుర్తులతోనే కొత్త మాటలు కూర్చమనండి. వాన, గాలి, దారి, పని, పేరు, మేలు. “నా పేరు” వస్తుంది. “నా దేవా” వస్తుంది. ఎవరూ చెప్పకుండా, తానే అక్షరాలు కలిపి “నా దేవా” అని చదివిన స్త్రీకి మర్నాడు క్లాసుకు రమ్మని చెప్పాల్సిన పని ఉండదు. రెండో వచనంలో పచ్చిక, చోట్ల, నన్ను లాంటి మాటలొస్తాయి. ఒత్తులకు అదే సమయం. అదే హల్లు కింద అదే హల్లు ఒత్తుగా వచ్చేవి ముందు నేర్పండి, వేరే హల్లు వచ్చేవి తర్వాత.

ఈలోగా అంకెలు కూడా నేర్పేయండి. అధ్యాయం, వచనం వెతుక్కోవడం వస్తే ఆదివారం ఆరాధనలో అందరితో పాటు పేజీ తీయగలుగుతారు, చదవడం ఇంకా నెమ్మదిగానే ఉన్నా సరే. బైబిల్‌ను సరిగ్గా మధ్యకు తెరిస్తే దాదాపు కీర్తనల దగ్గరే తెరుచుకుంటుంది, అక్కణ్నుంచి ముందుకీ వెనక్కీ వెళ్లడం అలవాటు చేయండి.

రాత గురించి టెన్షన్ పడొద్దు. తన పేరు రాయడం, సంతకం పెట్టడం వస్తే మొదట్లో అది చాలు.

నోటికి రావడం వేరు, చదవడం వేరు

అన్నింటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. తెలిసిన వచనంతో మొదలుపెట్టాం కదా, రెండు వారాలకే అందరూ గడగడా అప్పజెప్పేస్తారు. మీకూ సంతోషం, వాళ్లకూ సంతోషం. కానీ చాలామంది అక్షరాలను చూడటం లేదు, గుర్తున్నది చెబుతున్నారు. అది అబద్ధం కాదు, జ్ఞాపకశక్తి బాగా ఉన్నవాళ్లు సహజంగా చేసే పనే. అలాగే వదిలేస్తే మాత్రం ఏడాది గడిచినా కొత్త పేజీ ఒక్కటీ చదవలేరు.

తెలుసుకునే దారులు చాలా తేలిక. వచనం మధ్యలో ఒక మాట చూపించి అదేమిటో అడగండి. మాటల కాగితాలను కలగలిపి ఇవ్వండి. వచనంలో ఒక మాట మార్చి రాయండి, “నాకు మేలు కలుగదు” అని రాస్తే ఎవరు ఆగి ముఖం చిట్లిస్తారో వాళ్లు చదువుతున్నట్టు. ఇదంతా పరీక్షలా కాకుండా అందరూ కలిసి ఆడుకునేలా ఉండాలి, మార్కులు వద్దు, పోలికలు అసలే వద్దు.

తర్వాత వాళ్లు ఎన్నడూ వినని భాగం ఇవ్వాలి. 117వ కీర్తనలో రెండే వచనాలున్నాయి. బైబిల్లో అన్నింటికన్నా చిన్న అధ్యాయం అదే. ఒక అధ్యాయం మొత్తం చదివానని చెప్పుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆ తర్వాత రూతు గ్రంథం. నాలుగే అధ్యాయాలు, అత్తా కోడళ్ల కథ, ఆకలి, వలస, చావు, చేను, పెళ్లి అన్నీ ఉన్నాయి. తర్వాత ఏం జరిగిందో తెలుసుకోవాలనే ఆత్రమే పేజీ తిప్పిస్తుంది. ఆ వెంటనే మార్కు సువార్త, పదహారు అధ్యాయాలతో నాలుగు సువార్తల్లో చిన్నది. ముద్రిత బైబిల్ భాష పాతది కాబట్టి “చేయుచున్నాడు” లాంటి మాటల దగ్గర తడబడతారు. వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పక్కన పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఇంతదూరం రావడానికి నెలలు పడుతుంది, ఆ సంగతి మొదటి రోజే చెప్పండి.

వెనకా ముందూ చదివించండి

అక్షరాలు వచ్చాక విశ్వాసానికి బలం వచ్చేది ఈ మెట్టు దగ్గర. ఇంతకాలం వాళ్లు వాక్యాన్ని ముక్కలుగా విన్నారు. ఒక వచనం ప్రసంగంలో, ఒకటి క్యాలెండరు మీద, ఒకటి ఎవరో గద్దించడానికి వాడినది. ఇప్పుడు ప్రతి వచనానికీ ముందు వచనం, తర్వాతి వచనం చదివే అలవాటు నేర్పండి.

ఎఫెసీ 5:22 తీయమనండి. భార్యలు భర్తలకు లోబడాలన్న మాట ప్రతి స్త్రీ విన్నదే. ఇప్పుడు 21వ వచనం వాళ్లే చదవాలి: ఒకరికొకరు లోబడి ఉండమని అక్కడుంది. తర్వాత 25 చదవాలి: క్రీస్తు సంఘాన్ని ప్రేమించి దానికోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు భర్తలు భార్యలను ప్రేమించాలని ఉంది. మీరేమీ వివరించకండి. చదివినవాళ్లు మాట్లాడేదాకా ఆగండి. దెబ్బలు తింటూ అది దేవుని మాటేనని ఓర్చుకున్న స్త్రీ ఆ గుంపులో ఉండొచ్చు. అలాంటి మాట బయటికొస్తే క్లాసు ఆపి వినండి. ఆమె వద్దన్నవాళ్లకు చెప్పకండి, ఆమెకు అండగా నిలవండి.

ఫిలిప్పీ 4:13 కూడా అంతే. “సమస్తమును చేయగలను” అన్న మాటకు ముందు, లేమిలోనూ సమృద్ధిలోనూ ఎలా ఉండాలో నేర్చుకున్నానని పౌలు అంటున్నాడు. కష్టంలో ఉన్న మనిషికి ఆ ముందు వచనం ఇచ్చే ధైర్యం వేరు.

ఇలా చదివితే పాస్టరు గారిని ప్రశ్నిస్తారేమో అని కొందరు పెద్దలు భయపడతారు. అపొస్తలుల కార్యములు 17:11 వాళ్లతో కలిసి చదవండి. పౌలు చెప్పిన మాటలు నిజమో కాదో లేఖనాల్లో రోజూ వెతికిన బెరయవాళ్లను లూకా మెచ్చుకున్నాడు. పన్నెండో వచనంలో, అలా నమ్మినవాళ్లలో ఘనత గల గ్రీసుదేశపు స్త్రీలు కూడా ఉన్నారని రాశాడు.

నేర్చినదానికి పని చూపించండి

వాడకపోతే చదువు కొన్ని నెలల్లోనే జారిపోతుంది. కాబట్టి ఆరాధనలో వాక్యభాగం చదివే వంతు వీళ్లకు రావాలి. నెల ముందే ఏ భాగమో చెప్పండి, క్లాసులో సాధన చేయించండి, తడబడితే ఎవరూ అందించకుండా చూడండి. స్త్రీల కూటంలో లెక్కల పుస్తకం, హాజరు పుస్తకం వీళ్ల చేతికి ఇవ్వండి. మందుల అట్ట మీద ఏముందో, బ్యాంకు పాస్‌బుక్కులో ఎంతుందో, పిల్లల బడి నోట్సులో టీచరు ఏం రాశారో క్లాసులోకే తెమ్మనండి. అవి చదవడమూ ఈ పనిలో భాగమే. సంఘానికి రాని పొరుగింటి ఆవిడ నేర్చుకుంటానంటే కూర్చోబెట్టండి, దానికి బదులుగా ఆమెనుంచి ఏమీ ఆశించకండి.

ఇంట్లో పిల్లలకు రాత్రి పది వచనాలు చదివి వినిపించమనండి. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. ఆ పిల్లవాడికంటే ముందే విశ్వాసం ఉన్నది అవ్వ లోయిలో, తల్లి యునీకేలో అని పౌలు పేర్లు పెట్టి మరీ చెప్పాడు. పిల్లలు తప్పులు దిద్దితే నవ్వి ఊరుకోమనండి, ఇద్దరికీ చదువే.

చివరగా, కొత్త గుంపుకు నేర్పేవాళ్లను బయటినుంచి తేకండి. ఫ్రాంక్ లాబాక్ అనే మిషనరీ 1930ల్లో ఫిలిప్పీన్స్‌లోని మరనావో ప్రజల మధ్య అక్షరాలు నేర్పుతుండగా డబ్బు అయిపోయింది. జీతాలిచ్చి టీచర్లను పెట్టుకునే దారి లేదు. అప్పుడు నేర్చుకున్న ప్రతివాళ్లూ ఇంకొకరికి నేర్పాలని అక్కడి పెద్దే పట్టుబట్టాడు. ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. మీ గుంపులో ఎవరైనా రూతు గ్రంథం పూర్తి చేశారంటే ఆమెకు ఒక్క మనిషిని అప్పగించండి. మొదటి వచనం కాగితం, కత్తెర ఇచ్చి, వారానికోసారి ఇద్దరినీ కలిసి ఎక్కడ ఆగారో అడిగి తెలుసుకోండి.