"ఇదొక్కటీ చూసేసి పోదాం" అనకండి

పోయిన వారం మాకు తెలిసినవాళ్ల కారు ఘాట్ రోడ్డు మలుపులో పిట్టగోడను గుద్దింది. నలుగురూ బతికారు. నడుపుతున్నాయనకి తుంటి ఎముక విరిగింది. ఆయన తాగలేదు, స్పీడూ పెద్దగా లేదు. చూడాలనుకున్నవన్నీ చూసి సాయంత్రం ఐదింటికి గదికి బయల్దేరారు. దారిలో పాత కోట బోర్డు కనపడింది. "ఇంత దూరం వచ్చాం, ఇదొక్కటీ చూసేసి పోదాం" అనుకున్నారు. కోట దిగేసరికి ఏడయింది. గది ఇంకా 110 కిలోమీటర్లు.

సీటుబెల్టు, స్పేర్ టైరు సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది ఆ "ఇదొక్కటీ" గురించి. తీరిగ్గా తిరిగొద్దామని వెళ్లినవాళ్లు దెబ్బతినేది అక్కడే. పొద్దుటి నుంచి లేని తొందర సాయంత్రం ఒక్కసారిగా మీద పడుతుంది. అప్పటికి వెలుగు ఉండదు, ఒంట్లో ఓపికా ఉండదు.

ముందు ప్లాన్ సంగతి. మ్యాప్ నాలుగు గంటలు అని చూపిస్తే, అది ఎక్కడా ఆగకుండా నడిపితేనే. మీరు వెళ్లేదే ఆగడానికి కదా! నేనైతే మ్యాప్ టైముకి ఇంకో సగం కలుపుతాను. అలా కలిపినా రోజుకి నాలుగు గంటలు దాటనివ్వను. తప్పక చూడాల్సిన చోటు రోజుకి ఒక్కటే, అదీ పొద్దున్నే. మిగతావి దొరికితే చూడటం, లేకపోతే లేదు. గది మాత్రం క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే తీసుకోండి. డబ్బు కట్టేశాం కదా అనే రాత్రి పదింటికి కొండ దిగేవాళ్లు చాలామంది.

ఇక నిద్ర. రోజంతా ఎండలో తిరిగి, వందల మెట్లు ఎక్కి దిగిన మనిషి సీట్లో కూర్చోగానే ఒళ్లు వదిలేస్తుంది. కళ్లు తెరిచినట్టే ఉంటాయి, స్టీరింగ్ మీద వేళ్లు మాత్రం వదులవుతాయి. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల కునుకంటే 66 మీటర్లు కారు తనంతట తనే పోయినట్టు. అసలు కునుకు పట్టిందని పట్టినవాళ్లకే తెలియదు. ఇప్పుడే దాటిన ఊరు గుర్తు లేకపోయినా, టైరు పక్క గీత మీదికి పోయినా వెంటనే ఆపాల్సిందే. అద్దాలు దించడం, పాటలు గట్టిగా పెట్టడం పనిచేయవు. కాఫీ తాగినా అది ఎక్కడానికి దాదాపు అరగంట పడుతుంది. సురక్షితమైన చోట ఆపి, తాగి, ఇరవై నిమిషాలు పడుకోండి. రాత్రే కాదు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కూడా ఇదే ప్రమాదం.

లోయల్లో కొండ నీడ పడి, సూర్యాస్తమయానికి చాలా ముందే మసక కమ్ముతుంది. ఫోన్‌లో చూపించే సూర్యాస్తమయం టైము నమ్ముకోవద్దు.

దిగేటప్పుడు తక్కువ గేరులో దిగండి. న్యూట్రల్ వద్దు. బ్రేకు మీదే ఆధారపడితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

వానలో క్రూయిజ్ కంట్రోల్ (కారు తనంతట తనే ఒకే వేగంలో పోయేలా చేసేది) వాడొద్దు.

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే వెనక్కి తిప్పండి. 30 సెంటీమీటర్ల ప్రవాహానికే చిన్న కారు తేలిపోగలదు.

టైరు మీద తయారీ తేదీ చూడండి. నాలుగు అంకెలు 2319 అని ఉంటే 2019లో 23వ వారం. గాలి మాత్రం పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చీకట్లో అది చూపించే అడ్డదారి పట్టొద్దు.

ఫొటో కోసం మలుపులో ఆపొద్దు. పక్క సీట్లో ఉన్నవాళ్లు డ్యాష్‌బోర్డ్ మీద కాళ్లు పెట్టొద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే కాళ్లు విరుగుతాయి.

శిథిలమైన గోడ ఎక్కొద్దు. పాచి పట్టిన మెట్టు మీద సెల్ఫీ వద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు.

గది దొరకదని టెన్షన్ పడి స్పీడు పెంచొద్దు. దగ్గర్లో ఏ ఊరుంటే అక్కడే ఉండిపోండి.

"ఇదొక్కటీ" అనొద్దు. నడిపేవాళ్లు అస్సలు అనొద్దు. పక్కవాళ్లు అడగనూ వద్దు.

సూర్యాస్తమయానికి రెండు గంటల ముందుకి అలారం పెట్టండి. నడపని మనిషి ఫోన్‌లోనే పెట్టండి. అది మోగాక ఎంత అందమైన కోట బోర్డు కనపడినా కారు గది వైపే పోవాలి. కోట రేపు పొద్దున చూడొచ్చు. వీలుపడకపోతే వదిలేయండి.