ఇంటి బయట కారు చార్జింగ్ పాయింట్: వైరు నుంచి ఎర్తింగ్ దాకా

బెంగళూరులో ఎలక్ట్రిక్ కారు కొన్న మన తెలుగువాళ్ళు చాలామంది "గీజరు నడిచే పవర్ పాయింట్ కారుకు చాలదా" అని అడుగుతుంటారు. గీజరు పదిహేను ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతుంది, కారు మాత్రం దాదాపు 15 ఆంపియర్ల కరెంటును రాత్రంతా, ఎనిమిది తొమ్మిది గంటల పాటు ఏకధాటిగా లాగుతుంది. మా ఇంట్లో మొదట కార్‌పోర్చ్‌లోని పాత సాకెట్‌నే వాడాము. నెల తిరగకముందే దాని న్యూట్రల్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మారింది.

ముందుగా కరెంటు బిల్లులో మంజూరైన లోడు (ఇల్లు ఒకేసారి వాడుకోవడానికి అనుమతించిన విద్యుత్తు) ఎంతో చూసుకోవాలి. చార్జరు ఒక్కటే సుమారు 3.3 కిలోవాట్లు తీసుకుంటుంది కనుక లోడు చాలకపోతే బెంగళూరు విద్యుత్ సరఫరా సంస్థ బెస్కాంకు దరఖాస్తు చేసి పెంచుకోవాలి. ఈ పనిని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించి, మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసిన తర్వాతే వైర్లు ముట్టుకోనివ్వాలి.

మీటరు బోర్డు నుంచి చార్జింగ్ పాయింట్‌కు మధ్యలో మరే పాయింటూ కలపకుండా విడి లైను లాగించాలి. 30 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 15 ఆంపియర్ల వద్ద దాదాపు 6.7 వోల్టులు పడిపోతాయి, 4 చదరపు మిల్లీమీటర్ల వైరులో సుమారు 4 వోల్టులే. ఆ తేడా అంతా గోడలో వేడిగా మారుతుంది కాబట్టి ఇక్కడ పొదుపు చేయకండి. కరెంటు మితిమీరితే లైనును ఆపేసే ఎంసీబీ స్విచ్ రేటింగు చార్జరు తయారీదారు సూచించినదే ఉండాలి. అది మాటిమాటికీ పడిపోతోందని 32 ఆంపియర్లది బిగించడం ప్రమాదకరం.

కరెంటు లీకైతే వెంటనే లైనును ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. సాధారణ ఏసీ రకం, కారు చార్జరు నుంచి రాగల డీసీ కలిసిన లీకేజీని సరిగా పట్టలేకపోవచ్చు కనుక కనీసం 'ఏ' రకాన్ని అడిగి తీసుకోవాలి.

ఎర్తింగ్ గురించి మరీ మరీ చెబుతున్నాను, ఎందుకంటే పాత ఇళ్ళలో ఎర్త్ వైరు బోర్డు దాకా వచ్చి అక్కడే తెగి ఉండడం నేను చూశాను. చార్జరు "ఎర్త్ లేదు" అని ఆగిపోతే కొందరు న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపి దాన్ని మభ్యపెడతారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే అప్పుడు కారు బాడీకే కరెంటు వస్తుంది. విడిగా ఎర్త్ పిట్ (ఎర్త్ వైరును భూమికి కలిపే గుంత) తీయించి, ఎర్త్ రెసిస్టెన్స్ కొలిపించుకోండి.

సాకెట్ దుమ్ము, నీటి జల్లు చొరబడని ఐపీ65 మూతపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున, వాన జల్లు నేరుగా పడని గోడపై ఉండాలి. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, యెమలూరు వైపు సెల్లార్లు మునిగిన సంగతి గుర్తున్నవారికి ఎత్తు ఎందుకో తెలుసు. వైరు పెట్టెలోకి కిందివైపు నుంచి, గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకుని సందు మూసే బిగింపు) ద్వారా రావాలి. పైనుంచి వస్తే దాని వెంటే నీరూ దిగుతుంది.

మొదటి రాత్రి గంట చార్జింగ్ అయ్యాక చార్జరు ఆపి, ప్లగ్గును చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే టెర్మినల్ స్క్రూ వదులుగా ఉందని అనుమానించి, మెయిన్ ఆపించి బిగింపజేయండి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కుతూ ఉండండి.