పాత కాలిబాటల సంరక్షణ – 4వ పాఠం: వానలో ఒక నడక

పోయిన పాఠంలో బాటకు ఫొటోలు తీసి, పటం గీసి, ఒక్కో బండకు సుద్దతో నంబరు వేశాం. ఇక పలుగు పట్టాలని చేతులు దురద పెడుతుంటాయి. ఆగండి. ఈ పాఠానికి కావలసిన మొదటి పనిముట్టు గొడుగు.

వాన బాగా పడుతున్నప్పుడు పార్కుకు వెళ్లి బాట పొడుగునా నడవండి. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో, ఎక్కడ మట్టిని కోస్తున్నాయో పటం మీద గుర్తు పెట్టండి. కాళ్లు బాటను అరగదీస్తాయి, నిజమే. కానీ ముంచేది ఎక్కువగా నీళ్లే. బండ కింది ఇసుక కొట్టుకుపోతే బండ ఊగుతుంది, ఊగే బండ అంచు చిట్లుతుంది. ఆ గుంటను తప్పించుకోవడానికి జనం గడ్డి మీదికి దిగితే అక్కడ ఇంకో దారి పడుతుంది.

వాన తెరిపిచ్చాక వాటం, అంటే నీళ్లు పక్కకు జారే వాలు, చూడాలి. 1.5 మీటర్ల తిన్నని చెక్క బద్దను బాటకు అడ్డంగా పెట్టి, దానిమీద రసమట్టం (బుడగతో మట్టం చూపే పనిముట్టు, స్పిరిట్ లెవెల్) ఉంచండి. పల్లపు వైపు కొనను బుడగ నడిమికి వచ్చేదాకా లేపి, ఆ కొన కింద సందు కొలవండి. 3 సెంటీమీటర్లు ఉంటే 50కి 1 వాటం అన్నమాట. బండల బాటకు మామూలుగా అది చాలు.

వాటం ఉన్నా నీళ్లు కదలకపోతే తప్పు అంచుది. ఏళ్ల తరబడి రాలిన ఆకులు కుళ్లి, గడ్డి లోపలికి పాకి, అంచు గట్టులా లేస్తుంది. బాట కాస్తా కాలవైపోతుంది. ఆ గట్టును పారతో పలచగా చెక్కండి. చాలాచోట్ల అంతకుమించిన మరమ్మతే అక్కర్లేదు. చెక్కుతుంటే పార ఖణేల్‌మంటే మాత్రం వెంటనే తాపీ అందుకోండి. అది పాత అంచురాయి కావచ్చు. బాట అసలు వెడల్పు ఎంతో చెప్పే సాక్ష్యం అదే. ఏదీ దొరకని చోట 'ఇలా ఉండేదేమో' అని కట్టొద్దు. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని పాత కట్టడాల సంరక్షణకు అంతర్జాతీయ నియమావళి అయిన 1964 నాటి వెనిస్ చార్టర్ చెప్పింది ఇందుకే.

దర్జుల్లో, అంటే బండల మధ్య సందుల్లో, గడ్డి మొలిచిందని సిమెంటు పూయొద్దు. కొత్తలో నేనూ పూశాను, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. తర్వాత నేల కుంగినప్పుడు సిమెంటు చెక్కుచెదరలేదు, దాన్ని అంటుకున్న బండ అంచులు పెచ్చులుగా ఊడాయి. పోయిన రాయి మళ్లీ రాదు. ఇసుక మీద పరిచిన బండలకు ఇసుకే కూరండి. ముందే సున్నంతో కట్టి ఉంటే సున్నమే వాడండి.

ఈ వారం అభ్యాసం: 10 మీటర్ల బాట ఎంచుకుని, మీటరుకొక చోట వాటం కొలిచి రాయండి. అంచు చెక్కిన తర్వాత వచ్చే వానలో మళ్లీ వెళ్లి నిలిచిన నీళ్లను పాత పటంతో పోల్చండి. చెట్ల దగ్గర మాత్రం పార దించకండి. వేళ్ల సంగతి 5వ పాఠంలో.