ఫీల్డ్ పోస్టింగ్‌కి వెళ్తున్నారా? ముందు వీళ్లని పరిచయం చేసుకోండి

విశాఖలో 1923 నుంచి నడుస్తున్న ఆంధ్రా మెడికల్ కాలేజీలోనైనా మరెక్కడైనా, కమ్యూనిటీ మెడిసిన్ (మెడికల్ విద్యార్థులు జనం మధ్యకి వెళ్లి వాళ్ల ఆరోగ్యం గురించి నేర్చుకునే సబ్జెక్టు) ట్రైనింగ్ ప్రొఫెసర్లు ఒక్కళ్లే నడిపేది కాదు. మొదటి రోజే మెడికల్ సోషల్ వర్కర్‌ని కలవండి. ఏ వీధిలో ఏ టైముకి వెళ్తే మనుషులు దొరుకుతారో వాళ్లకి తెలిసినంతగా మనకి తెలియదు, జాలరిపేటలో వేటకి వెళ్లినవాళ్ల కోసం పొద్దున్నే తలుపు కొడితే ఏం లాభం చెప్పండి?

ఏఎన్ఎమ్‌నీ ఆశా కార్యకర్తనీ "అక్కా" అని పలకరించి వాళ్ల వెనకే నడవండి. ఆ ఇళ్లవాళ్లు తలుపు తీసేది వాళ్ల మీద నమ్మకంతోనే, మన తెల్లకోటు చూసి కాదు. టీకాల రోజున మాత్రం మీ ఇంటింటి సర్వే పెట్టుకోకండి, వాళ్లకి ఊపిరాడదు.

బస్సు డ్రైవర్ నంబర్ తీసుకోండి. తిరిగొచ్చాక ఫారాలు నింపి అదే రోజు ఇచ్చేయండి.