కొత్త ప్రభుత్వ భవనంలో కాంక్రీటు గోడకి మచ్చలొచ్చాయా? ముందు సిమెంటు పాలు రుద్దడం ఆపించండి

షట్టరింగ్, అంటే కాంక్రీటు పోయడానికి కట్టిన పలకల అచ్చు, విప్పగానే గోడ మీద ఒకచోట తేనెపట్టులా కంకర తేలి కనిపించిందంటే సైట్‌లో మొదట జరిగేది ఒకటే, ఎవరో ఒకరు తట్టలో సిమెంటు కలిపి గోనెపట్టాతో రుద్దడం మొదలుపెడతారు. అలా చూడకుండా కప్పెయ్యడం ప్లాస్టరింగ్ చేసే గోడకైనా తప్పే, కాకపోతే అక్కడ మచ్చ బయటికి కనపడదు. కానీ ఇప్పుడు బెంగళూరులో లైబ్రరీలు, ఆసుపత్రులు, కాలేజీ బ్లాకులు చాలావాటికి ఆర్కిటెక్టులు ఎక్స్‌పోజ్డ్ కాంక్రీటు పెడుతున్నారు, అంటే పోత పోసిన మొహమే చివరి మొహం. దాని మీద పెయింటు రాదు, ప్లాస్టర్ రాదు. అలాంటి గోడ మీద తొందరపడి రుద్దిన సిమెంటు, ముందున్న లోపం కన్నా ఎక్కువ కాలం, ఎక్కువ దూరానికి కనిపిస్తుంది.

ఇది నేను నేర్చుకున్నది ఒక ప్రభుత్వ గ్రంథాలయం గోడ మీద. మెయిన్ ఎంట్రన్స్ పక్కనే, 14 అడుగుల ఎత్తు, కింద మూలలో రెండు అరచేతులంత హనీకోంబ్, అదే తేనెపట్టు లోపం. మా మేస్త్రీది పాలమూరు, చేతిలో మంచి పని ఉన్న మనిషి. "సార్, పొద్దుగూకేలోపల కనపడకుండ చేస్త, మీరు టెన్షన్ పడకుండ్రి" అన్నాడు, నేను "సరే అన్నా" అన్నాను. సాయంత్రానికి నిజంగానే కనపడలేదు, ఎందుకంటే గోడంతా తడిగా ఉంది. పది రోజులకి గోడ ఆరి లేత బూడిద రంగుకి వచ్చింది, రుద్దిన చోటు మాత్రం ముదురుగా, నున్నగా, కొంచెం మెరుస్తూ ఉండిపోయింది. రెండు అరచేతుల లోపం మూడడుగుల మచ్చ అయింది. దాన్ని గ్రైండర్‌తో తీస్తే చుట్టూ ఉన్న ప్లైవుడ్ అచ్చు కూడా పోయింది. ఆ మేస్త్రీ తప్పేమీ లేదు, ఆపాల్సింది నేను.

అందుకే మొదటి పని ఆపడం. రెండోది, అది నిజంగా పైపై లోపమేనా అని తేల్చుకోవడం. చిన్న సుత్తితో తట్టి చూడండి, డొల్ల శబ్దం ఎంతవరకు వస్తుందో చాక్‌పీసుతో గీయండి, బైండింగ్ వైరు ముక్క లోపలికి దూర్చి లోతు కొలవండి, పక్కన టేపు పెట్టి తేదీతో ఫోటో తియ్యండి. కడ్డీ కనిపించినా, లోతు కవర్ (కడ్డీల మీద ఉండే కాంక్రీటు పొర) దాటినట్టు అనిపించినా, బీమూ కాలమూ కలిసే చోట వచ్చినా అది అందం సమస్య కాదు, అక్కడ చెయ్యి పెట్టకుండా స్ట్రక్చరల్ డిజైనర్‌ని పిలవండి, అల్ట్రాసోనిక్ పరీక్ష చెయ్యాలా, గ్రౌటింగ్ (లోపలికి పలచటి సిమెంటు ఎక్కించడం) చెయ్యాలా ఆయనే చెప్తారు. పగుళ్లకీ ఇదే మాట. వెంట్రుకంత సన్నగా సాలెగూడులా ఉండేవి ఎక్కువగా పైపొర ఆరడం వల్ల వచ్చినవే. మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 మామూలు పరిస్థితుల్లో 0.3 మిల్లీమీటర్ల వరకు, తేమ తగిలే చోట 0.2 వరకు పగులు వెడల్పుని ఒప్పుకుంటుంది, కొలవడానికి గీతల కార్డు దొరుకుతుంది, ఒకటి జేబులో పెట్టుకోండి. అదే కోడ్‌లో 17.1 క్లాజులో ఇంకో మాట ఉంది, షట్టరింగ్ తీసిన వెంటనే కాంక్రీటంతా జాగ్రత్తగా తనిఖీ చేసి, చిన్న లోపాలుంటే కాంక్రీటు పూర్తిగా గట్టిపడకముందే సరిచెయ్యాలని. దీన్ని పట్టుకుని "వెంటనే రుద్దెయ్యాలి సార్" అనే కాంట్రాక్టర్లు ఉంటారు. ముందు తనిఖీ, తర్వాత మరమ్మతు అనే వరుస ఆ వాక్యంలోనే ఉంది.

ఇక ఏ మచ్చ ఎందుకొచ్చిందో తెలిస్తే సగం వాటిని ముట్టుకోవాల్సిన పనే ఉండదు. ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం కలిపిన స్లాగ్ సిమెంటు వాడితే షట్టరింగ్ తీసినప్పుడు గోడ నీలం ఆకుపచ్చ కలిసిన రంగులో కనిపించి అందరూ కంగారుపడతారు, గాలీ ఎండా తగిలితే అది కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది, ఏమీ చెయ్యొద్దు. ఒక ప్యానెల్ ముదురు, పక్కది లేత అయితే ఒకటి కొత్త ప్లై, ఇంకొకటి మూడోసారి వాడిన ప్లై అయ్యుంటుంది, లేదా ఒకటి రెండో రోజు విప్పి ఇంకొకటి ఐదో రోజు విప్పుంటారు. ఇది కూడా కొన్ని నెలల్లో చాలావరకు సర్దుకుంటుంది, మొదటి నెలలోనే తీర్పు చెప్పకండి. ప్లై జాయింట్ వెంబడి నల్లగా గరుగ్గా నిలువు గీత ఉంటే అక్కడ సిమెంటు నీళ్లు కారిపోయి ఇసుక మిగిలింది, అది తనంతట పోదు. చిన్న చిన్న గుంతలు షట్టర్‌కి అంటుకున్న గాలి బుడగలు, వైబ్రేటర్ సరిగ్గా పెట్టకపోతేనో షట్టరింగ్ ఆయిల్ మరీ ఎక్కువ పూస్తేనో వస్తాయి. స్పెసిఫికేషన్‌లో ఇంత సైజు దాటితే నింపాలని రాసి ఉంటే నింపండి, లేకపోతే బొటనవేలి గోరు కన్నా చిన్నవాటిని వదిలెయ్యమనే నా సలహా, నింపిన వంద చుక్కలు ఖాళీ గుంతల కన్నా అసహ్యంగా కనిపిస్తాయి.

ఏది లోపం, ఏది కాదు అనేది మీరొక్కరే తేల్చకండి. ఆర్కిటెక్టుని, శాఖ తరఫు ఇంజనీర్‌ని, కాంట్రాక్టర్‌ని ఒకేరోజు ఒకేచోట నిలబెట్టండి, గోడ పూర్తిగా ఆరి ఉండాలి, పగటి వెలుతురు ఉండాలి, 20 అడుగుల దూరం నుంచి చూడాలి. ఈ 20 అడుగుల లెక్క అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లది, ఇక్కడ కూడా గొడవలు తగ్గించడానికి బాగా పనికొస్తుంది. పడమటి గోడని సాయంత్రం ఐదు గంటలకి చూడకండి, గోడని రాసుకుంటూ పడే ఎండలో ఎంత మంచి గోడైనా గతుకుల రోడ్డులా కనిపిస్తుంది. అవకాశముంటే ఆర్కిటెక్టుతో కలిసి బన్నేరుఘట్ట రోడ్డులో ఐఐఎం క్యాంపస్ చూసి రండి, ఆర్కిటెక్టు బి.వి. దోషీ గీసింది. బూడిద రంగు గ్రానైట్ రాయి, పక్కనే గరుకు కాంక్రీటు, దాని మీద పలకల అచ్చు, ఏళ్ల తరబడి వాన జారిన చారలు, పైకి పాకిన తీగలు. ఎవరూ దాన్ని లోపం అనరు. అది చూశాక మనవాళ్లు గుర్తించిన 40 మచ్చల్లో ముట్టుకోవాల్సినవి ఐదో ఆరో మిగులుతాయి.

ఆ ఐదారు అతుకులకి అసలు కష్టం బలం కాదు, రంగు. అదే సిమెంటు, అదే ఎం శాండ్ (రాయి పగలగొట్టి చేసిన ఇసుక)తో కలిపినా అతుకు గోడ కన్నా ముదురుగానే వస్తుంది, ఎందుకంటే అతుకు మాలులో నీళ్లు తక్కువ, పైగా ఇనుప తాపీతో నున్నగా లాగుతారు. దానికి మందు తెల్ల సిమెంటు. ఎంత కలపాలో ఎవరూ నోటితో చెప్పలేరు, నమూనాలు వెయ్యాల్సిందే. ఎవరికీ కనపడని చోట, అంటే సంప్ పక్క గోడో, తర్వాత మట్టిలో కప్పుకుపోయే భాగమో చూసుకుని, ఒక్కోటి అడుగు చదరం ఉండేలా ఆరు నమూనాలు వేయించండి. ఒకదాంట్లో తెల్ల సిమెంటు అసలు వద్దు, మిగతావాటిలో మొత్తం సిమెంటులో 10, 20, 25, 30, 40 శాతం. తట్టలతో కొలవొద్దు, కాటా పెట్టి తూయండి, ప్రతిదాని పక్కన లెక్క రాయండి. ఒక వంతు సిమెంటుకి రెండున్నర వంతుల ఇసుక, ముద్ద కడితే నిలబడేంత నీళ్లు, అంతే. గోడకి ఏ బ్రాండ్ సిమెంటు వచ్చిందో ఆర్ఎంసీ (రెడీమిక్స్ కాంక్రీటు) ప్లాంటు వాళ్లని అడిగి అదే తెప్పించండి. నమూనాలకి క్యూరింగ్ చేశాక ఇంకో రెండు వారాలైనా ఆరనివ్వండి. తడిగా ఉన్న నమూనాని చూసి ఎంచుకుంటే నేను పైన చెప్పిన కథే మళ్లీ జరుగుతుంది. ఈ మూడు నాలుగు వారాలు ఆగడానికే ఎవరికీ ఓపిక ఉండదు, ప్రారంభోత్సవం తేదీ పెట్టేశారంటారు, కానీ ఆ గోడ ముందు నుంచి పిల్లలు ముప్పై నలభై ఏళ్లు నడుస్తారు, నెల రోజులు అడిగే హక్కు మనకుంది.

అతుకు వేసేటప్పుడు ముందు వదులుగా ఉన్న కంకరంతా ఉలితో తీసెయ్యండి. తర్వాత గ్రైండర్‌తో అంచు కొయ్యండి, కనీసం 10 మిల్లీమీటర్ల లోతు, నిటారుగా, లేకపోతే పలచటి అంచు ఏడాదిలో పొక్కు లేస్తుంది. కోత గీత లోపం చుట్టూ గుండ్రంగా వద్దు, గోడ మీద ఉన్న ప్లై జాయింట్ గీతో, పలక గీతో పట్టుకుని దాని వెంబడే కొయ్యండి. అతుకు అంచు ఉన్న గీతలోనే కలిసిపోతే కన్ను దాన్ని పట్టుకోదు, దీనివల్ల అతుకు కొంచెం పెద్దదైనా ఫర్వాలేదు. వైరు బ్రష్‌తో రుద్ది, దుమ్ము ఊది, ముందు రోజు సాయంత్రం నుంచి తడుపుతూ ఉండండి, మాలు పెట్టే సమయానికి లోపల తడి ఉండాలి గానీ నీళ్లు నిలవకూడదు. పలచటి సిమెంటు పాలు లోపలి వైపు మాత్రమే బ్రష్‌తో కొట్టి, అది ఆరకముందే మాలు పొరలు పొరలుగా గట్టిగా కూరండి, లోతుగా ఉంటే ఒక్కసారే నింపొద్దు. సిమెంటు పాలు బయటి మొహానికి చుక్క కూడా అంటకూడదు, చుట్టూ టేపు వేయించండి. చివర్లో ఇనుప తాపీ బదులు చెక్క రంధా (మేస్త్రీలు మాలు సరిచేసే చెక్క పలక) వాడండి, లేదా గోడకి వాడిన ప్లై ముక్కనే అతుకు సైజుకి కోసి ఆయిల్ రాసి నొక్కి ఉంచండి, అదే అచ్చు వస్తుంది. నాకు ఇదే బాగా కుదిరింది.

క్యూరింగ్ తక్కువైతే అతుకు ముడుచుకుని చుట్టూ పగులు గీత వస్తుంది. ఐఎస్ 456 ప్రకారం ఓపీసీకి (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) కనీసం 7 రోజులు, పీపీసీ (పొజోలానా కలిపిన సిమెంటు), స్లాగ్ లాంటివాటికి కనీసం 10. అయితే పాత గోనెపట్టాల రంగు దిగుతుంది, పాలిథిన్ కవరు ముడతలు పడి గోడకి అంటితే ఆ ముడతలన్నీ మచ్చలుగా పడతాయి. ఉతికిన తెల్లటి గుడ్డ తడిపి వేసి, దాని మీద కవరు కట్టండి. బోరు నీళ్లు పైనుంచి కారనివ్వొద్దు, మన బెంగళూరు బోర్లలో చాలావాటి నీళ్లు కఠినమే, ఆరాక తెల్ల చారలు మిగులుతాయి.

తెల్ల ఉప్పు సంగతి కూడా చెప్పాలి, సెప్టెంబరు, అక్టోబరు వానలయ్యాక ఫోన్లు ఎక్కువ దీని గురించే వస్తాయి. కాంక్రీటులోని సున్నం నీళ్లలో కరిగి బయటికొచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తెల్లగా గట్టిపడుతుంది. ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకండి, పారపెట్ పైన కోపింగ్ (పిట్టగోడ మీది కప్పు) లేకపోవడమో, పైపు గోడలోంచి వెళ్లే స్లీవ్ దగ్గర సందో, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ పూర్తికాకపోవడమో ఉంటుంది. అది ఆపకుండా ఎన్నిసార్లు కడిగినా మళ్లీ వస్తుంది. కొత్తగా వచ్చిన ఉప్పు పొడి బ్రష్‌కే చాలావరకు రాలుతుంది. రాకపోతే చివరి మార్గంగా సల్ఫామిక్ యాసిడ్ పలచగా కలిపి, గోడని ముందు బాగా తడిపి, కనపడని చోట పరీక్షించి, బ్రష్‌తో రుద్ది వెంటనే ధారాళంగా కడగండి. బాత్రూములు కడిగే మ్యూరియాటిక్ యాసిడ్ తేవొద్దు, అందులోని క్లోరైడు లోపలి స్టీలుకి పడదు, పైపొరని తినేసి ఇసుక బయటపెడుతుంది కూడా. ఏ యాసిడ్ అయినా పైపొరని కొంత తింటుందని గుర్తుంచుకోండి.

తుప్పు చారలు రెండు రకాలు. పై అంతస్తు కోసం వదిలిన కడ్డీల నుంచి వాన నీళ్లతో దిగేవి ఒకటి, దీనికి ముందే ఆ కడ్డీలకి పాలిథిన్ చుట్టాలి. గోడ మొహానికి తేలిన బైండింగ్ వైరు ముక్కలు ఇంకొకటి, ఆ ముక్కని తవ్వి లోపలికి కత్తిరించి చిన్న అతుకు వెయ్యాలి. మిగిలిన గోధుమ రంగుకి ఆక్సాలిక్ యాసిడ్ పనిచేస్తుంది, 10 లీటర్ల నీళ్లకి అర కిలో నుంచి కిలో, పావుగంట ఉంచి కడగడం. అది విషం, గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ఎవరి చేతా చేయించకండి. గోడ అడుగున రెండడుగుల ఎత్తు వరకు ఎర్రగా ఉంటే మాత్రం కంగారు వద్దు, చాలావరకు వానకి చిందిన ఎర్రమట్టే, వారంలోపు మెత్తటి బ్రష్, సబ్బు నీళ్లతో పోతుంది, గోడ మొదట్లో కంకర పరిస్తే మళ్లీ చిందదు.

ఇన్ని చేశాక కూడా ఒక అతుకు కొట్టొచ్చినట్టు ఉంటే పొటాషియం సిలికేట్ ఆధారంగా చేసే పలచటి మినరల్ రంగులున్నాయి, పారదర్శకంగా ఉంటాయి, అతుకు మీద మాత్రమే పొరలుగా అద్దితే గోడలో కలుస్తాయి. దీనికి అలవాటున్న చెయ్యి కావాలి. గోడంతా సిమెంటు పెయింటు వేసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఆర్కిటెక్టు గీసిన గోడ అక్కడితో పోయినట్టే, పైగా కొన్నేళ్లకోసారి మళ్లీ వెయ్యాలి, ప్రభుత్వ భవనాలకి ఆ డబ్బు ఎప్పుడు మంజూరవుతుందో మనకి తెలిసిందే.

చివరి పూతగా సిలేన్ సిలోక్సేన్ రకం వాటర్ రిపెల్లెంట్ వేయించండి, గోడకి కనీసం 28 రోజుల వయసుండాలి, అతుకులకి కూడా, వేసే ముందు కొన్ని రోజులు వాన పడకూడదు. ఇది లోపలి తేమని బయటికి పోనిస్తుంది, మెరుపు రాదు. మెరిసే అక్రిలిక్ కోటింగ్ అమ్మడానికి వచ్చేవాళ్లకి మీ నమూనా గోడ మీద ఒక అడుగు ఇవ్వండి, అది రంగుని ఎంత ముదురు చేస్తుందో, అతుకుల్ని ఎలా బయటపెడుతుందో వాళ్లకే కనిపిస్తుంది. ఆ తర్వాత మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్లండి. ఆరుతున్న గోడలో తడి ఎక్కడ ఆలస్యంగా పోతుందో ఫోటోలు తీసుకోండి, డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాల్ని కాంట్రాక్టరే సరిచెయ్యాల్సిన కాలం) అయ్యేలోపు చూసుకోవాల్సిన చోట్లు అవే.