కోడ్ మెయిల్ రాక ఖాతా మూతబడితే: ఫిర్యాదు, అప్పీలు ఎలా పెట్టుకోవాలి

"మెయిల్ రానేదు బాబూ" అని మా వీధి పిన్ని ఫోను పట్టుకుని వచ్చేసరికి ఆవిడ చేతిలోంచి రెండు వేలు పోయాయి. బరంపురం పట్టుచీరలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి అమ్ముకుంటుంది. పాత ఫోను పాడై కొత్తది కొన్నాక ఖాతా తెరవబోతే, మీ మెయిల్‌కి కోడ్ పంపాం అని వచ్చింది. కోడ్ రాలేదు. ఎవరో పరిచయస్తుడు "కంపెనీలో మన మనిషి ఉన్నాడు, తెరిపిస్తాడు" అంటే నమ్మి డబ్బు పంపింది. ఆ మనిషి ఫోను ఇప్పుడు ఎత్తడం లేదు. ఈ మధ్య ఇలాంటి వాళ్లను నలుగురైదుగురిని చూశాను. అందరిదీ ఒకటే తడబాటు. మహారాష్ట్రలోని సిరొంచలో ఉన్నా, ధర్మాబాదులో ఉన్నా, ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్నా మన తెలుగువాళ్లకు ఇదే జరుగుతోంది కాబట్టి విధానం మొత్తం రాస్తున్నాను.

ముందు అందరికీ తెలిసినవి. స్పామ్ చూడండి. జీమెయిల్‌లో సోషల్, ప్రమోషన్స్ అని వేరే అరలుంటాయి, అవీ చూడండి. ఫేస్‌బుక్ మెయిల్ ఫేస్‌బుక్‌మెయిల్ డాట్ కామ్ నుంచి, ఇన్‌స్టాగ్రామ్ మెయిల్ మెయిల్ డాట్ ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ నుంచి వస్తాయి. ఆ పేర్లతో వెతికితే తొందరగా దొరుకుతాయి. కోడ్ మళ్లీ పంపు, మళ్లీ పంపు అని పదిసార్లు నొక్కకండి. కొత్త కోడ్ అడగ్గానే పాతది చెల్లకుండా పోతుంది, పైగా కాసేపు పంపడమే ఆపేస్తారు. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. ఫొటోలు, డ్రైవ్, మెయిల్ అన్నీ అందులోనే. పెళ్లి వీడియోలతో అది నిండిపోతే కొత్త మెయిల్ లోపలికి రాదు, పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతుంది. నాలుగు వీడియోలు తీసేసి మళ్లీ అడగండి. ఇంట్లో ఇంకో ఫోనులో మీ ఇన్‌స్టాగ్రామ్ లేదా ఫేస్‌బుక్ ఖాతా తెరిచే ఉంటే, సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్, సెక్యూరిటీ అన్నచోట ఈమధ్య కంపెనీ పంపిన మెయిళ్ల జాబితా కనిపిస్తుంది. అసలు పంపారా లేదా అక్కడ తేలిపోతుంది.

ఇవన్నీ చూసినా రాలేదంటే ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఆ మెయిల్ ఐడీ ఎవరిది?

పిన్నిని అడిగితే "నాదే" అంది. కోడ్ పంపామని చెప్పే తెర మీద ఐడీ మొదటి అక్షరం, చివరి అక్షరం చూపించి మధ్యలో చుక్కలు పెడతారు. ఆ మొదటి అక్షరం పిన్ని పేరుకీ ఇంటిపేరుకీ కలవలేదు. అది ఆ రోజు ఖాతా తెరిచిపెట్టిన ఆన్‌లైన్ షాపు అబ్బాయిది. మెయిల్ వస్తూనే ఉంది, వేరే వాళ్ల పెట్టెలోకి వస్తోంది.

ఇది మన సరిహద్దు ఊళ్లలో ఎందుకింత ఎక్కువో అందరికీ తెలుసు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా మరాఠీ, ఫారం ఇంగ్లీషులో. అందుకే ఆధార్ పని నుంచి ఫేస్‌బుక్ దాకా ఫోను తీసి షాపువాడి చేతికిస్తాం. అతను వరసగా ఇరవై మందికి చేయాలి, కొత్త మెయిల్ తెరవడానికి టైము పడుతుంది, తనదే కొట్టేస్తాడు. అందరూ మోసగాళ్లని నేననను. చాలామంది మంచి పిల్లలే. కానీ తాళంచెవి వాళ్ల దగ్గర ఉండిపోయింది. అందుకని గొడవపడకుండా వెళ్లి, పక్కనే కూర్చుని, ఆ పెట్టె తెరిపించి కోడ్ చూసుకోండి. ఖాతా తెరుచుకోగానే అక్కడే మీ సొంత మెయిల్, మీ నంబరు చేర్చి, అతని మెయిల్ తీసేయండి. ఇంటికెళ్లి చేద్దాంలే అనుకోవద్దు. మెయిల్ మార్చగానే పాత ఐడీకి "ఈ మార్పు మీరు చేసిందేనా" అని ఒక మెయిల్ వెళుతుంది, దాన్లో మార్పును వెనక్కి తిప్పే లింకుంటుంది. దాన్ని నొక్కవద్దని అతనికి చెప్పండి.

ఐడీ మీదే, కానీ ఎప్పుడో తెరిచి వదిలేశారా? రెండేళ్లు వాడని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తీసేస్తోంది. తీసేసిన ఐడీని మళ్లీ ఎవరూ తెరవలేరు. అలాంటప్పుడు ఎన్ని కోడ్‌లు అడిగినా లాభం లేదు, ఆ తెరలోనే వేరే దారి అని ఉండేది నొక్కి ఫోను నంబరుకు అడగాలి. నంబరు దగ్గరా ఒక చిక్కుంది. ఇచ్ఛాపురం వెళ్లినప్పుడు తీసుకున్న ఆంధ్ర సిమ్ము, కాళేశ్వరంలో తీసుకున్న తెలంగాణ సిమ్ము రీచార్జి చేయకుండా పక్కన పడేస్తాం. 90 రోజులు వాడకం లేకపోతే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు, ఆ తర్వాత ఆ నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుంది. మీ ఖాతాకి అలాంటి సిమ్మే ఉంటే ఈ రోజే రీచార్జి చేయించండి.

గుర్తింపు కార్డు అడిగే దశకు వస్తే పేరు దగ్గర ఆగిపోతారు. ఒడిశా కార్డుల్లో మన వెంకటరావు బెంకట రావు అవుతాడు, మహారాష్ట్ర కార్డుల్లో వెంకటి వ్యంకటి అవుతాడు. ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఒక కార్డులో వెనక. ఖాతాలో పేరు ఏ కార్డుతో కలుస్తుందో చూసి ఆ కార్డే పెట్టండి. ఆధార్ ఒక్కటే పెట్టాలని ఏమీ లేదు. ఇక పిన్ని ఖాతాలో ఉన్నవన్నీ చీరల ఫొటోలే, ఆవిడ మొహం ఒక్కదాన్లోనూ లేదు. అలాంటి ఖాతాలకు, మొహాన్ని వీడియో తీసి పంపే వీడియో సెల్ఫీ పనిచేయదు. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన మెయిల్ లేదా నంబరు ఏది, ఏ రకం ఫోనులో తెరిచారు అని ఇన్‌స్టాగ్రామ్ అడుగుతుంది. పాత ఫోను పెట్టె, బిల్లు పారేయకండి.

అప్పటికీ తెరుచుకోకపోతే ప్రభుత్వం పెట్టిన దారి ఉంది. దీని గురించి మన వైపు చెప్పేవాళ్లే లేరు.

2021 ఐటీ (సమాచార సాంకేతిక) నియమాల ప్రకారం ప్రతి సామాజిక మాధ్యమ కంపెనీ, ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరును ఒకరిని పెట్టాలి. ఆయన పేరు, ఫిర్యాదు పంపే తీరు తన సైటులో, యాపులో అందరికీ కనపడేలా ఉంచాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. తేల్చడానికి మొదట 15 రోజుల గడువుండేది, 2026 ఫిబ్రవరిలో దాన్ని 7 రోజులకు తగ్గించారు. ఆయన జవాబు మీకు సబబుగా లేకపోతే ప్రభుత్వం వేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి (జీఏసీ) అప్పీలు చేసుకోవచ్చు. 2022 అక్టోబరులో నియమాలు సవరించి ఈ ఏర్పాటు తెచ్చారు. 2023 జనవరిలో మూడు కమిటీలు వేశారు, ఆ మార్చి 1 నుంచి అప్పీళ్లు తీసుకుంటున్నారు. పెట్టాల్సిన చోటు జీఏసీ డాట్ గవ్ డాట్ ఇన్. రుసుము లేదు. మొత్తం ఆన్‌లైన్‌లోనే. ఢిల్లీ వెళ్లాలి, భువనేశ్వర్‌లో సంతకం పెట్టాలి, నాగపూర్‌లో మనిషిని కలవాలి అని ఎవరన్నా చెబితే, ఆ మనిషి డబ్బు కోసం చెబుతున్నాడని అర్థం చేసుకోండి.

మనవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. యాపులో రిపోర్ట్ బటన్ నొక్కడం, సహాయం పేజీలో ఫారం నింపడం, కంపెనీ ఖాతాకు మెసేజ్ పెట్టడం, ఇవేవీ గ్రీవెన్స్ ఆఫీసరుకు ఇచ్చిన ఫిర్యాదు కిందకు రావు. నాకు తెలిసిన ఒక మాస్టారు పద్నాలుగు స్క్రీన్‌షాట్లు జతచేసి అప్పీలు పెట్టారు. అన్నీ రిపోర్ట్ బటన్‌వే. అప్పీలుకు కావలసినవి రెండే, గ్రీవెన్స్ ఆఫీసరుకు ఫిర్యాదు చేసినట్టు చూపే నంబరు, దానికి వచ్చిన జవాబు. అవి లేవని ఆయన అప్పీలు నిలవలేదు. పాపం, ఆ స్క్రీన్‌షాట్లు ఒక్కొక్కటీ తేదీలతో సహా వరసగా పెట్టుకున్నారు.

కాబట్టి కంపెనీ సైటులో భారతదేశపు గ్రీవెన్స్ ఆఫీసరు పేజీ వెతికి, అక్కడున్న ఫారంలోనే ఫిర్యాదు పెట్టండి. మీతో సంప్రదించడానికి మెయిల్ అడుగుతారు. దయచేసి అక్కడ మళ్లీ షాపువాడిది ఇవ్వకండి. ఆ జవాబు మీకు కనపడకపోతే రోజులు గడిచిపోతున్నా మీకు తెలియదు. ముందే మీ ఫోనులో మీ పేరున కొత్త జీమెయిల్ తెరుచుకోండి, దానికి మీ చేతిలో నడుస్తున్న నంబరు పెట్టండి, పాస్‌వర్డ్ ఇంట్లో ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఫిర్యాదు పెద్దగా అక్కర్లేదు. ఖాతా పేరు, ఎప్పటి నుంచి తెరుచుకోవడం లేదు, కోడ్ ఏ ఐడీకి వెళుతోంది, అది మీ అధీనంలో ఎందుకు లేదు, ఏం కావాలి. ఇంగ్లీషు రాయగల పిల్లలెవరితోనైనా అయిదారు చిన్న వాక్యాలు రాయించుకుంటే చాలు. పంపిన వెంటనే వచ్చే నంబరును ఫొటో తీసి ఉంచండి.

జవాబు అందిన రోజు నుంచి 30 రోజుల్లో అప్పీలు చేయాలి. జూన్ 10న జవాబు వస్తే జూలై 10తో సరి. అప్పీలులో మీ ఫిర్యాదు, వాళ్ల జవాబు రెండూ జతచేసి, జవాబు ఎందుకు సరిపోలేదో నాలుగు ముక్కల్లో రాయండి. "మా విధానాల ప్రకారం సాయం చేయలేం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. అదీ జవాబే, భయపడి ఆగిపోవద్దు, దాని మీదే అప్పీలు వేయాలి. అసలు జవాబే ఇవ్వకపోతే ఫిర్యాదు నంబరు, తేదీ చూపించే ఆ ఫొటో మీకు ఆధారం. ఫిర్యాదులు పట్టించుకునే నాథుడు లేక పడి ఉంటున్నాయనే ఈ కమిటీలు వేశారు. అప్పీలును కమిటీ 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని నియమం.

ఇంతలో గూగుల్‌లో ఇన్‌స్టాగ్రామ్ కస్టమర్ కేర్ అని కొట్టి కనిపించిన నంబరుకు ఫోన్ చేయకండి. ఫోన్ చేస్తే ఖాతా తెరిచిపెట్టే నంబరు మామూలు జనానికి లేదు. అక్కడ ఎత్తేవాడు కోడ్ అడుగుతాడు, లేదా స్క్రీన్ చూపించే యాప్ ఒకటి వేసుకోమంటాడు. ఆ యాప్ వేసుకుంటే ఖాతాతో పాటు బ్యాంకూ పోతుంది. డబ్బు ఇప్పటికే ఇచ్చేసి ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో రాయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు దారిలో ఆపడానికి అంత వీలుంటుంది.

పిన్ని మూడు రోజుల తర్వాత చెప్పింది కాబట్టి ఆ రెండు వేలు ఇంకా రాలేదు. ఖాతా మాత్రం షాపు అబ్బాయి పక్కన కూర్చుని తెరిపించుకున్నాం. అతను ఒక్క రూపాయి తీసుకోలేదు. పైగా అదే ఐడీతో ఇంకా ఎవరెవరి ఖాతాలు తెరిచాడో గుర్తు చేసుకుని చీటీ మీద రాసిచ్చాడు. తొమ్మిది పేర్లున్నాయి. ఇద్దరింటికి వెళ్లాను, మిగతా ఏడుగురికి ఈ వారం చెప్పాలి.